సంప్రదించవలసిన వ్యక్తి

ఆ ఆసుపత్రిలో ఆమెని అందరూ ఫైళ్ళక్క అంటారు. నిన్న చేరిన నర్సూ అలాగే పిలుస్తుంది, ఆమెకన్నా తొమ్మిదేళ్ళు పెద్దవాడైన ఎక్స్‌రే ఆయనా అలాగే పిలుస్తాడు. అసలు పేరు మెళ్ళో కార్డు మీద ఉంది గానీ ఆ కార్డు ఎప్పుడూ తిరగబడే వేలాడుతుంది. దాన్ని సరిచెయ్యాలని ఆమెకీ తోచలేదు, చూసేవాళ్ళకీ తోచలేదు.

సెల్లార్‌లో పొడుగాటి గది ఆమెది. ఇనప ర్యాకులు పదకొండు వరసలు, రెండు ట్యూబులైట్లు, ఒక బల్ల, ఒక కుర్చీ. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ జ్వరాలూ కాన్పులూ విరిగిన ఎముకలూ ఆ గదిలోనే వరసల్లో నిలబడి ఉన్నాయి. నంబరు చెబితే చాలు, మూడు నిమిషాల్లో ఫైలు చేతిలో పెట్టేది.

ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆమె ఏడుస్తుందని చాలామంది ఆశపడ్డారు. ఆమె ఏడవలేదు. కాగితం మీద మమకారం సాధారణంగా కాగితాలు మోయనివాళ్ళకే ఉంటుంది. ఆమెకి ఉన్నవి మోకాళ్ళ నొప్పులూ దుమ్ము తుమ్ములూ. డాక్టరు రాసింది అర్థంకాక మందుల కౌంటరు నుంచి ఫోన్ చేస్తే, ఇదై ఉంటుందిలే అని తను అంచనాగా చెప్పిన రోజులున్నాయి. ఒకసారి ఒకావిడకి పడని ఇంజెక్షనే ఇచ్చేశారు. పడదని రాసి ఉన్న ఫైలు నాలుగు రోజులుగా ఎక్స్‌రే గదిలో బల్లకింద ఉంది. ఆవిడ బతికిందంటే అది ఎవరి గొప్పా కాదు. అందుకని, ఒక మీట నొక్కితే ఒక మనిషి జబ్బుల చరిత్రంతా ఏ వార్డులోనైనా కనిపిస్తుందంటే, ఫైళ్ళక్క నిజంగానే సంతోషించింది.

కాకపోతే ఒక సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఫైలు కోసం కిందికి దిగేవాళ్ళు ఫైలు కోసమే దిగేవాళ్ళు కాదు. అత్తగారి మీద చాడీలు చెప్పుకోవడానికీ, కాసేపు చెప్పులు విప్పి కూర్చోవడానికీ, డాక్టరు తిడితే కళ్ళు తుడుచుకోవడానికీ కూడా దిగేవాళ్ళు. ఫైలు పైకి వెళ్ళిపోయాక ఆ మెట్లు దిగడానికి ఎవరికీ వంక దొరకలేదు. ఉదయం తొమ్మిదికి తాళం తీస్తే సాయంత్రం ఆరుదాకా ఆమె గొంతు ఆమెకే వినబడని రోజులు మొదలయ్యాయి.

ఇంటి దగ్గరా పెద్ద తేడా లేదు. మూడో అంతస్తులో రెండు గదులు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆదివారం పదింటికి తమ్ముడు ఫోన్ చేస్తాడు. తిన్నావా, మోకాళ్ళెలా ఉన్నాయి, నీళ్ళొస్తున్నాయా, సరే ఉంటా మరి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ముందు తగ్గారు, తర్వాత అయిపోయారు. వాళ్ళు అడుగుతున్నన్నాళ్ళూ విసుగొచ్చేది. అడగడం మానేశాక, అదైనా ఒక మాటేగా అనిపించింది.

పాత ఫైళ్ళని కంప్యూటర్లోకి ఎక్కించడానికి పన్నెండుమంది అమ్మాయిలు వచ్చారు. రెండు నెలల పని. ఆ రెండు నెలలూ సెల్లార్ కళకళలాడింది. మీకేదైనా అర్థంకాకపోతే ఎప్పుడైనా అడగండమ్మా అని, గోడ మీది తెల్లబోర్డు మీద ఫైళ్ళక్క తన సెల్ నంబరు పెద్దక్షరాలతో రాసిపెట్టింది.

కంప్యూటర్లో రోగి పేరు, వయసు, జబ్బు, పడని మందులు అన్నీ అయ్యాక ఒక గడి ఉంది: ‘సంప్రదించవలసిన వ్యక్తి, ఫోన్ నంబరు’. అది నింపితే తప్ప తర్వాతి పేజీ తెరుచుకోదు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి దానితో మొదటిరోజే పేచీ పడింది.

“ఈయన కాయితంలో ఆ గీత ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలితే ఇది ఎర్రబడి కూర్చుంటోంది. అన్నీ తొమ్మిదులు కొట్టా, సరైన నంబరు ఇవ్వండి అంటోంది. దీనికి అతితెలివి!”

“ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్ళండమ్మా, తర్వాత చూసుకుందాం,” అన్నాడు కంప్యూటరాయన. ఈ పద్ధతంతా తెచ్చిపెట్టినాయన ఆయనే. మంచివాడే. ‘తర్వాత’ అన్న రోజు ఒకటి నిజంగా ఉందని నమ్మేరకం.

కాగితం మీద ఆ గీత ఖాళీగా ఉండటం పొరపాటు కాదు. అక్కడేమీ లేదంటే ఆ మనిషికి ఎవరూ లేరని. వార్డు సిస్టరు ఫైలు తెరవగానే ఆ ఖాళీ చూసేది, ఇంకేమీ అడగకుండా మంచం ఒకరోజు ఎక్కువ పట్టి ఉంచేది. వెంట మనిషి లేనివాళ్ళని, అందులోనూ ఇన్సులిన్ వాడేవాళ్ళని, ఆపరేషనయిన రోజే ఇంటికి పంపకూడదని ఆసుపత్రి నియమం. ఖాళీ కూడా ఒక కబురేనన్న సంగతి ఆ గడి తయారుచేసినవాళ్ళకి తట్టలేదు. వాళ్ళ లెక్కలో మనిషన్నాక ఎవరో ఒకరుంటారు.

కళ్ళజోడమ్మాయి తలెత్తింది. ఎదురుగా బోర్డు మీద పది అంకెల నిఖార్సయిన నంబరు ఉంది. కొట్టింది. యంత్రం పచ్చబడింది. సంబంధం అన్నచోట ‘ఇతర బంధువు’ అని ఎంచింది. మధ్యాహ్నానికి పక్కమ్మాయికి ఉపాయం తెలిసింది, వారానికి పన్నెండుమందికీ తెలిసింది. ఫైళ్ళక్కకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పని అయిపోయింది, అమ్మాయిలు వెళ్ళిపోయారు, గది మళ్ళీ నోరు మూసుకుంది.

నెల తర్వాత ఒక సోమవారం, రోగుల ఇళ్ళకి కబుర్లు పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. ఆ ఉదయం పదిన్నరకి ఆమె ఫోన్ టింగుమంది. ‘మీ బంధువు రెండో వార్డులో చేరారు.’ రాంగ్ నంబరనుకుంది. పదకొండుకి ఇంకోటి: ‘మీ బంధువు రక్తపరీక్ష ఫలితం వచ్చింది.’ సాయంత్రానికి ఏడయ్యాయి. మూడోరోజున ఆ పేర్లు కంప్యూటర్లో తీసి చూసింది. నూట నలభై మూడు మందికి సంప్రదించవలసిన వ్యక్తి తనే.

ఎలా జరిగిందో అర్థంకావడానికి బోర్డు వైపు ఒక్క చూపు సరిపోయింది. ఆ క్షణమే పైకెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు.

దీన్ని గొప్ప మానవత్వం కింద జమకట్టక్కర్లేదు. ఆమె ఫోన్ మోగుతోంది, అంతే. అన్నం ముందు కూర్చుంటే మోగేది, కిటికీ దగ్గర నిలబడితే మోగేది. ఇస్త్రీ చేసే ఒకావిడకి రక్తం తక్కువగా ఉందని తెలిసింది. పాత సామాన్లు కొనే ఒకాయనకి దగ్గు తగ్గిందని తెలిసింది. భోజనాల వేళ ఒకటి రెండుసార్లు వార్డు గుమ్మం దాకా వెళ్ళి, ఇస్త్రీ ఆవిడ మంచం ఏదో చూసి, మాట్లాడకుండా వెనక్కి వచ్చింది. ఆదివారం తమ్ముడితో మాట్లాడుతుంటే మధ్యలో మూడుసార్లు టింగుమంది.

“ఏంటే అక్కా ఆ మోత? ఎవరు?”

“చుట్టాలు.”

“మనకెవరున్నారే చుట్టాలు?”

“నీకు లేరురా. నాకు నూట నలభై మంది.”

తమ్ముడు నవ్వి, నీళ్ళొస్తున్నాయా అని అడిగాడు.

సంగతి తెలిశాక ఇరవై రెండు రోజులు ఇలా గడిచాయి.

ఇరవై మూడో రోజు గురువారం. చెదలమందు కొట్టేవాళ్ళొస్తే వాళ్ళతో పాటు చివరి ర్యాకుల్లోకి వెళ్ళింది. ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది. ఆరింటికి తాళం వెయ్యబోతూ తీసి చూస్తే, మూడూ అయిదుకి వచ్చిన కబురు: ‘మీ బంధువు కంటి ఆపరేషను పూర్తయింది. వచ్చి తీసుకువెళ్ళవచ్చు.’

మూడూ అయిదు. మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లెక్కింది.

పక్కగేటు దగ్గర, చక్రాల కుర్చీలు దిగే వాలు పక్కన సిమెంటు బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. ఎడమకంటి మీద ప్లాస్టిక్ మూత, చుట్టూ టేపు. ఒళ్ళో మందుల సంచీ. ఎవరి అడుగుల చప్పుడైనా తల అటు తిప్పుతున్నాడు. మూత లేని కన్ను కూడా మసకేనని ఆ తిప్పడంలోనే తెలుస్తోంది. గడియారాలు బాగుచేసే ఆయన. ఆ సంగతి ఆమె స్క్రీన్ మీద చదివింది.

“ఎవరి కోసమండీ?” అంది.

“తెలీదండీ,” అన్నాడాయన, అదేదో మామూలు జవాబన్నట్టు. “వస్తున్నారన్నారు. మీవాళ్ళకి కబురెళ్ళింది, ఇక్కడే కూర్చోండి, వచ్చేస్తారు అంది సిస్టరు.”

“ఎవరొస్తారనుకుంటున్నారు?”

“అదే చూస్తున్నా. మూడింటి నుంచీ ఒక్కొక్కళ్ళనే తల్చుకుంటున్నా. మా పెదనాన్న కొడుకొకడుండాలి, చూసి ఇరవయ్యేళ్ళయింది. వాడికెవరు చెప్పారబ్బా అనుకున్నా. షాపు పక్క టైలరేమో అనుకున్నా, వాడు ఖాళీ చేసి ఆర్నెల్లయింది. ఆఖరికి పోయినవాళ్ళని కూడా వదల్లేదనుకోండి.” నవ్వాడు. నవ్వితే కన్ను లాగినట్టుంది, ఆపేశాడు.

ఆమె ఆయన పక్కన కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

“ఎవరూ రావట్లేదండీ. ఆ కబురు నాకొచ్చింది. నేను కింద ఫైళ్ళ గదిలో పనిచేస్తాను. మీ కాయితంలో పొరపాటున నా నంబరు పడింది.”

గేటులోంచి ఒక స్కూటరు వెళ్ళింది. ఈసారి ఆయన తల తిప్పలేదు.

“ఓహో,” అన్నాడు చివరికి. “అయితే నయమే. నాకెవరో ఉండి, నేనే వాళ్ళని మర్చిపోయానేమోనని ఇందాకట్నుంచీ సిగ్గుపడుతున్నా.”

లేవబోయి, లేవలేక బెంచీ పట్టుకున్నాడు. ఆమె చెయ్యి అందించింది. ఆయన చెయ్యి చల్లగా, తడిగా, వణుకుతూ ఉంది. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాడు. ఇంటికెళ్ళి తినండి అన్నారు కదా అని ఏమీ తినలేదు.

ఎమర్జెన్సీలో వేలికొన గుచ్చి చూస్తే చక్కెర నలభై తొమ్మిది. గ్లూకోజు ఎక్కించారు. అక్కడి కుర్ర డాక్టరు స్క్రీన్ చూసి, ఆమె వైపు తిరిగాడు.

“మీరేనా ఈయన తాలూకు? ఇన్సులిన్ వేసుకునే మనిషిని మూడు గంటలు తిండీ తిప్పలూ లేకుండా బెంచీ మీద వదిలేస్తారా? ఇంకో అరగంటైతే ఇంకో రకంగా మోసుకొచ్చేవాళ్ళు. కబురు పంపితే చూసుకోరా అసలు?”

ఆమె నేను బంధువును కానని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ తిట్లు సరైన చిరునామాకే వచ్చాయి.

మర్నాడు ఉదయం సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. సూపరింటెండెంటు ఆవిడ డాక్టరే, కాకపోతే ఈమధ్య రోగులకన్నా ప్రారంభోత్సవాలు ఎక్కువ చూస్తోంది. కంప్యూటరాయన్ని కూడా పిలిపించింది. ఫైళ్ళక్క జరిగిందంతా చెప్పింది.

“ఇంతేనా! పది నిమిషాల పని,” అన్నాడు కంప్యూటరాయన. “మీ నంబరు తీసేసి రిసెప్షన్ నంబరు పెట్టేస్తానక్కా.”

“అప్పుడు కబురు రిసెప్షన్‌కి పోతుంది. ఆయన బెంచీ మీదే ఉంటాడు.”

“మరేం చెయ్యమంటారు?”

“ఆ గడిలో ‘ఎవరూ లేరు’ అని ఒకటి పెట్టు బాబూ. అది నొక్కితే నంబరడక్కూడదు. పైన సిస్టరుకి ఎర్రగా కనపడాలి: ఈ మనిషిని రాత్రికి ఉంచాలి అని.”

సూపరింటెండెంటు మొహం చిట్లించింది. “ఎవరూ లేరు అనా? వినడానికే బాగాలేదు. మనసు నొచ్చుకోరూ? ‘మన ఆసుపత్రి కుటుంబం’ అని పెడదాం. చక్కగా ఉంటుంది.”

“చక్కగానే ఉంటుంది మేడమ్. అది చూసి సిస్టరు ఏం చెయ్యాలి? ఇంటికి పంపాలా, ఉంచాలా?”

ఇలాంటి తియ్యటి మాటలతో ఉన్న చిక్కే ఇది. గోడ మీద రాసుకోవడానికి పనికొస్తాయి, మంచం కావలసినప్పుడు పనికిరావు.

“నిన్న ఆయన నొచ్చుకున్నది ఎవరూ లేనందుక్కాదు మేడమ్. అది ఆయనకి తెలిసిందే. ఎవరో వస్తారని మనం కూర్చోబెట్టాం చూశారూ, అందుకు.”

సూపరింటెండెంటు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. “సరే, పెట్టండి. అది సరే గానీ, మీకీ సంగతి ఎప్పట్నుంచి తెలుసు?”

“కబుర్లు మొదలైన మూడోరోజు నుంచి.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

పని ఒత్తిడి అని చెప్పాలని మెట్లెక్కుతూ అనుకుంది. నోట్లోంచి వేరే వచ్చింది.

“ఫోన్ మోగుతుంటే బాగుంది మేడమ్.”

కంప్యూటరాయన కిటికీలోంచి బయటకి చూశాడు. “మెమో ఇవ్వక తప్పదండీ,” అంది సూపరింటెండెంటు. ఇరవై తొమ్మిదేళ్ళలో అది మొదటిది. దాన్ని తన సర్వీసు ఫైల్లో తనే పెట్టుకుంది. ఆ పని చేసేవాళ్ళు వేరే ఎవరూ లేరు మరి.

నూట నలభై ముగ్గురికీ ఫోన్ చేసి అడిగే పని కూడా ఆమె మీదే పడింది. శిక్షో పనో తెలీదు గానీ, పదకొండు రోజులు పట్టింది. మీ తరఫున కబురు చెప్పదగ్గవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక లేరని రాయమంటారా? ఇలాంటి ప్రశ్న అడగడానికి మర్యాదైన మార్గం లేదు. తిన్నగా అడగడమే మేలని మూడో ఫోన్‌కి తెలిసింది.

“లేరని రాయకండమ్మా, కోడలుంది. నాతో మాట్లాడదు గానీ వస్తుంది.”

“ఉన్నాడు ఒక వెధవ. వాడికి మాత్రం చెప్పొద్దు, చచ్చినా సరే.”

“మా ఇంటి ఓనరు పేరు రాసుకోండి. అడగడమెందుకు, కబురొస్తే ఆయనే పరిగెత్తుకొస్తాడు.”

“నాకెవరున్నారో తెలుసుకుని నువ్వేం చేస్తావే తల్లీ? నీకెవరున్నారో నేనడిగానా?” అంది ఒక ముసలావిడ. అడగలేదని ఒప్పుకుని, ఫైళ్ళక్క తన ప్రశ్న మళ్ళీ అడిగింది.

ఎనభై రెండు మందికి ఎవరో ఒకరు తేలారు. పాత ఖాళీ గీతల వెనక ఇంతమంది దాగి ఉన్నారని ఆమెకే తెలీదు. కాగితం నమ్మినంతకాలం ఎవరూ వాళ్ళని అడగనే లేదు. మిగిలినవాళ్ళు అరవై ఒక్కరు. వాళ్ళలో ఆఖరున గడియారాలాయనకి ఫోన్ చేసింది. ఆయనకి రెండో కంటి ఆపరేషను వచ్చే నెలలో ఉంది.

“మీ గొంతు గుర్తుపట్టానండీ,” అన్నాడు. ప్రశ్న పూర్తిగా విన్నాడు. తర్వాత, “ఇప్పుడు మార్చడమెందుకు? మీ నంబరే ఉండనివ్వండి. మీరు రానక్కర్లేదు. ఊరికే, అక్కడ అలా ఉండనివ్వండి,” అన్నాడు.

గడి ముందు కర్సరు కొట్టుకుంటోంది. అందులో ఆమె నంబరు ఇంకా ఉంది. నూట నలభై మూడింటిలో మిగిలింది అదొక్కటే. అలాగే వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆపరేషను రోజున మూడింటికి కబురొస్తుంది. ఈసారి ఫోన్ చేతిలోనే పెట్టుకుంటుంది, పైకెళ్తుంది, ఇంటి తలుపు దాకా దిగబెడుతుంది. తలుపు అవతల, తెల్లారేదాకా, ఆయన చక్కెర చూసేదెవరు?

“నా నంబరుంటే సాయంత్రమే పంపించేస్తారండీ,” అంది. “ఎవరూ లేరని ఉంటే రాత్రికి ఉంచుతారు. రెండు గంటలకోసారి చూస్తారు.”

“అంటే ఎవరూ లేకపోతేనే బాగా చూస్తారన్నమాట!”

“ఆ ఒక్క రాత్రికి.”

ఆయన వెనక చాలా గడియారాలు వేర్వేరుగా టిక్కుమంటున్నాయి.

“సరే, రాయండి. అబద్ధమేం కాదుగా.”

ఆమె నంబరు చెరిపి, ‘ఎవరూ లేరు’ నొక్కింది. గడి ఎర్రబడింది, తర్వాతి పేజీ తెరుచుకుంది. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచక, ఉంటానండీ అంటే ఉంటానండీ అనుకున్నారు.

ఆ తర్వాత ఫోన్ పాతకాలంలోకి వెళ్ళిపోయింది. మొదటి వారం రెండు మూడుసార్లు టింగుమన్నట్టు అనిపించి తీసి చూసింది. తర్వాత అనిపించడం కూడా మానేసింది. ఆదివారం తమ్ముడు, “ఏంటే, చుట్టాలు రావట్లేదా?” అన్నాడు. “ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయార్రా,” అంది.

గడియారాలాయన ఆపరేషను తేదీ ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమెకి తెలుసు. ఆ మర్నాడు తొమ్మిదికి వచ్చీరాగానే స్క్రీన్ తెరిచింది. కుడికన్ను, చిక్కుల్లేవు. రాత్రి పదికి చక్కెర నూటపది. పన్నెండుకి ఎనభై ఆరు. రెండింటికి యాభై నాలుగు. రోగి నిద్రలో ఉన్నారు, లేపితే తడబాటుగా మాట్లాడారు, గ్లూకోజు ఇచ్చారు. మూడింటికి నూట ఇరవై. ఉదయం క్షేమం, పదింటికి పంపవచ్చు. వెంట వెళ్ళేవారు: వార్డు ఆయా, ఆటో దాకా.

రెండింటి దగ్గర ఉన్న ఆ వరస మళ్ళీ చదివింది. ఇంటి దగ్గరైతే ఆ నిద్రలోంచి ఆయన్ని లేపేవాళ్ళు లేరు.

పదికి పది నిమిషాలుండగా తాళం వేసి పైకెళ్ళింది. చేతిలో ఫైలు లేదు, ఫోన్‌లో కబురు లేదు. వంక లేకుండా ఆ వరండాలోకి రావడం అదే మొదటిసారి. మందుల కౌంటరు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది.

ఆయా భుజం మీద చెయ్యి వేసుకుని ఆయన వస్తున్నాడు. మూత ఇప్పుడు కుడికంటికి ఉంది. ఎడమకన్ను తేటగా, కొత్త బల్బులా ఉంది. దానితో అన్నీ చూస్తున్నాడు, నేల పలకలూ, బోర్డుల మీది అక్షరాలూ, ఎదురొచ్చే మనుషుల మొహాలూ. ఫైళ్ళక్క మొహం కూడా చూశాడు, మిగతావాటిని చూసినంతసేపే. బెంచీ రోజున ఆయనకి కనబడింది మసక మాత్రమే. మాట్లాడితే గుర్తుపడతాడు. ఆమె నోరు తెరిచింది కూడా. ఎలా ఉన్నారని అడగాలంటే, ఎలా ఉన్నాడో గంటగంటకీ చదివే వచ్చింది. అది కాక ఇంకేమడగాలో ఆలోచించేలోపు ఆయన ఆమెని దాటేశాడు.

గుమ్మం దగ్గర ఆగి, గోడ మీదికి చూశాడు.

“మీ గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందమ్మా,” అన్నాడు ఆయాతో.

“ఇక్కడెవరు చూస్తారులెండి దాన్ని,” అంది ఆయా. “పదండి, ఆటో ఉంది.”

వాళ్ళు వెళ్ళాక ఆమె గోడ గడియారం చూసి, ఫోన్ తీసి సరిచూసింది. నిజంగానే నాలుగు నిమిషాలు వెనక ఉంది. ఫోన్‌లో టైము తప్ప ఇంకేమీ లేదు.